లెక్క వచ్చు, ప్రశ్న చదవడమే రాలేదు

విదేశాల్లో పీజీ చదువు కోసం రాసే జీఆర్ఈకి చదవడం మొదలుపెట్టినప్పుడు, అందులోని లెక్కల భాగమైన క్వాంట్ గురించి నాకు ఏ బెంగా లేదు. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు సమాకలనాలతో కుస్తీ పట్టినవాణ్ని. ఈ పరీక్షలో కలన గణితం లేదు, త్రికోణమితి కూడా లేదు. ఉండేదల్లా బడిలో చదువుకున్న అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, కొంచెం గణాంకాలు. అందుకే మొదటి నెలంతా ఇంగ్లిషు పదాలకే ధారపోశాను. నెలాఖరున, పరీక్ష పెట్టేవాళ్లు ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా పరీక్షల్లో ఒకటి రాస్తే క్వాంట్‌లో 154 వచ్చింది. స్కోరు 130 దగ్గర మొదలై 170 దగ్గర ఆగుతుంది కాబట్టి, ఆ 154లో నేను నిజంగా సంపాదించింది 24 అన్నమాట.

తప్పు వేగానిదే అనుకున్నాను. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష కుదించుకుపోయింది. క్వాంట్‌లో రెండే విభాగాలు: మొదటిది 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోది 26 నిమిషాల్లో 15 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం ముప్పావు. మొదటి విభాగం ఎలా రాశామన్నదాన్నిబట్టి రెండోదాని కష్టం మారుతుంది. దాంతో గడియారం ముందు పెట్టుకుని రెండు వారాలు లెక్కల మీద లెక్కలు చేశాను. వేగం పెరిగింది. తప్పులూ అంతే వేగంగా పెరిగాయి.

మా అక్క బడిలో లెక్కలు చెబుతుంది. ఒకరోజు నా చిత్తు కాగితాలు చూసి, ఒక తప్పు మీద వేలు పెట్టింది. "ఒక సంఖ్య 12తోనూ 18తోనూ భాగింపబడుతుంది. అయితే అది కచ్చితంగా వేటితో భాగింపబడాలి?" అన్నది ప్రశ్న. కింద 6, 9, 24, 36, 72 ఉన్నాయి. సరైనవన్నీ గుర్తించాలి. ఒక్కటి తప్పినా మార్కు లేదు, సగం మార్కులు ఇవ్వడమనే దయ ఈ పరీక్షకు లేదు. నేను ఐదూ గుర్తించాను.

"ఎలా చేశావు?" అంది.

"పన్నెండు ఇంటూ పద్దెనిమిది, రెండు వందల పదహారు. అది వీటన్నిటితోనూ పోతుంది కదా అక్కా."

"ప్రశ్న ఒకసారి పైకి చదువు."

చదివాను.

"ఆ సంఖ్య 216 అని ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. 36 కూడా 12తో పోతుంది, 18తో పోతుంది, కానీ 24తో పోదు, 72తో అసలే పోదు. క.సా.గు. తీస్తే 36. కాబట్టి 6, 9, 36 మాత్రమే. క.సా.గు. నేను ఆరో తరగతిలో నేర్చుకున్నదే. ప్రశ్నలో 'ఒక సంఖ్య' అని ఉంటే, నేను దాని స్థానంలో నాకు నచ్చిన సంఖ్యను కూర్చోబెట్టి, 'కచ్చితంగా' అన్న మాటను దాటేసి ముందుకు పోయాను. అక్క ఇంకేమీ అనలేదు. తన దిద్దాల్సిన పేపర్లు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి పాత తప్పులన్నీ మళ్లీ తీశాను. అంతకుముందు వాటిని అధ్యాయాల వారీగా విడదీసి 'శాతాలు బలహీనం, రేఖాగణితం బలహీనం' అని రాసుకున్నాను. అది ఎందుకూ కొరగాలేదు. ఈసారి కొత్త నోటుబుక్కు పెట్టి, ప్రతి తప్పు పక్కనా ఒకే మాట రాశాను: 'ప్రశ్నలో లేనిది నేను ఏం కలిపాను?' పేజీలు నిండుతున్నకొద్దీ నా గుట్టు నాకే తెలిసిపోయింది. సంఖ్య అనగానే నా మనసులో మెదిలేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగేదే. భిన్నం కాదు, రుణ సంఖ్య కాదు, సున్నా అంతకన్నా కాదు.

ఈ జబ్బును పట్టి బయటపెట్టేవి పోలిక ప్రశ్నలు. ఎ, బి అని రెండు రాశులు ఇస్తారు. ఎ పెద్దదా, బి పెద్దదా, రెండూ సమానమా, ఇచ్చిన సమాచారంతో చెప్పలేమా అన్నదే తేల్చాలి. జవాబు కనుక్కోనక్కర్లేదు. ఎక్స్ సున్నా కన్నా పెద్దది అని చెప్పి, ఎక్స్ వర్గాన్నీ ఎక్స్‌నీ పోల్చమంటే నేను కళ్లు మూసుకుని వర్గమే పెద్దదన్నాను. ఎక్స్ 1/2 అయితే వర్గం 1/4, చిన్నది. ఎక్స్ 1 అయితే రెండూ సమానం. జవాబు 'చెప్పలేం'. ఎక్స్ వర్గం 25 అని ఇచ్చి ఎక్స్‌ను 5తో పోల్చమన్నప్పుడు 'సమానం' అన్నాను. మైనస్ 5 అనేది ఒకటుందని గుర్తే రాలేదు.

అన్నిటికన్నా సిగ్గేసింది ఒక త్రిభుజం దగ్గర. రెండు భుజాలు 6, 8. మూడో భుజాన్ని 10తో పోల్చాలి. బొమ్మ చూస్తే లంబకోణంలాగే ఉంది. 6, 8, 10 కనిపించగానే పైథాగరస్ పాత చుట్టంలా పలకరించాడు, 'సమానం' అని పెట్టి రెండు సెకన్లలో ముగించి మురిసిపోయాను. లంబకోణం అని ఎక్కడా రాసిలేదు. ఈ పరీక్షలో రేఖాగణితం బొమ్మలు కొలత ప్రకారం ఉండాలన్న నియమం లేదని సూచనల్లోనే చెబుతారు. నిరూపక తలంలో గీసినవీ, దత్తాంశాల గ్రాఫులూ మాత్రం కొలత ప్రకారమే ఉంటాయి. ఆ సూచనలు నేను ఒక్కసారైనా చదివి ఉంటే కదా.

'చెప్పలేం' అనే జవాబు నాకు ఎందుకు చేదైందో తర్వాత అర్థమైంది. బడిలోగానీ కాలేజీలోగానీ 'చెప్పలేం' అని రాస్తే మార్కు వచ్చిన లెక్క నాకు ఒక్కటీ తారసపడలేదు. లెక్కంటే తేలాలి, తేలకపోతే మన తెలివి తక్కువైనట్టు. ఇక్కడేమో తేలదని తేల్చడమే లెక్క.

మందు సులువుగానే దొరికింది. చిత్తు కాగితం మూలన 0, 1, −1, 1/2, −1/2 అని రాసుకునేవాణ్ని. అక్షరాలున్న ప్రతి పోలిక ప్రశ్నలోనూ, షరతు ఒప్పుకున్నంతవరకు వాటిని పెట్టి చూడటం. రెండు వేర్వేరు ఫలితాలు వస్తే పని అయిపోయినట్టే. రెండువైపులా అక్షరాలు లేకుండా ఉత్త సంఖ్యలే ఉంటే 'చెప్పలేం' అన్నది జవాబు కానేకాదు, ఎంత కష్టమైనా వాటిలో ఏది పెద్దదో ఎక్కడో నిర్ణయమై ఉంటుంది.

మందు వికటించిన రోజులూ ఉన్నాయి. ఒక వారంపాటు అక్షరం కనిపిస్తే చాలు 'చెప్పలేం' అనసాగాను. ఎక్స్, వైల లబ్ధం సున్నా కన్నా పెద్దది అని ఇచ్చి, వాటి మొత్తానికి వర్గాన్నీ, వాటి వర్గాల మొత్తాన్నీ పోల్చమన్నారు. రెండూ రుణ సంఖ్యలు కావచ్చు కదా అని మహా జాగ్రత్తగా 'చెప్పలేం' పెట్టాను. తీరా ఆ రెండింటి మధ్య తేడా లబ్ధానికి రెట్టింపు, అది ఎటు తిప్పినా ధనాత్మకమే. ఎ పెద్దది. అప్పటినుంచి, సంఖ్యలు పెట్టి చూసినా ఫలితం మారకపోతే ఎందుకు మారడం లేదో ఒక వరుసైనా బీజగణితం రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

నోటుబుక్కులో మూడో పేజీ అంతా లెక్కపెట్టడంలో తప్పులే. 37 నుంచి 112 వరకు, ఆ రెండూ కలుపుకుని, ఎన్ని పూర్ణాంకాలు? తీసివేస్తే 75. జవాబు 76. మొదటిదాన్ని తీసేశాక మళ్లీ కలపడం మరిచిపోవడం. ఇంత చిన్న విషయంలో ఎన్నిసార్లు తప్పులో కాలేశానో రాస్తే పరువు పోతుంది.

తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. నేను దాని వెంట పడి సమయం పోగొట్టుకున్నాను. దానికి ఎనిమిది అంకెల కన్నా ఎక్కువ పట్టవు. 83 ఏడులను ఒకదానితో ఒకటి గుణిస్తే చివరి అంకె ఎంత అంటే అది చేతులెత్తేస్తుంది, మనిషి మాత్రం చెప్పగలడు: చివరి అంకెలు 7, 9, 3, 1 అని తిరుగుతూ ఉంటాయి, 83ని నాలుగుతో భాగిస్తే శేషం 3, కాబట్టి 3. 17/35 పెద్దదా 24/49 పెద్దదా అన్నా దాని అవసరం లేదు. రెండూ సగానికి కాస్త తక్కువ. మొదటిది 1/70 తక్కువ, రెండోది 1/98 తక్కువ. తక్కువ లోటున్నదే పెద్దది. చివరికి దాన్ని గ్రాఫుల ప్రశ్నలకే అట్టిపెట్టాను. అక్కడ కూడా 20 శాతం 25 శాతమైతే పెరుగుదల ఐదు శాతం కాదు, పాతిక శాతం అన్నది అది చెప్పదు.

గణాంకాలు, సంభావ్యత నన్ను పెద్దగా ఏడిపించలేదు. 'కనీసం ఒకటి' అని కనిపిస్తే 'ఒక్కటీ లేకపోవడం' లెక్కగట్టి ఒకటిలోంచి తీసేయడం, ప్రామాణిక విచలనాన్ని లెక్కించకుండా అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చూడటం (10, 20, 30కీ 110, 120, 130కీ అది ఒకటే) నాకు సరిపోయాయి. పేర్లు పెట్టి అమ్మే చిట్కాల జాబితాలు రెండు బట్టీ పట్టి, రెండూ మరిచిపోయాను. ఏ చిట్కా ఎక్కడ వాడాలో గుర్తు తెచ్చుకునేలోపు మామూలుగా చేసినా లెక్క అయిపోతోంది.

రెండో పవర్‌ప్రెప్‌లో 163 వచ్చింది. అప్పటికి రోజుకు ఇరవై లెక్కల కన్నా ఎక్కువ చేయడం మానేశాను. సగం సమయం నోటుబుక్కుకే పోయేది.

పరీక్ష రోజు మొదటి విభాగంలో ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటింది. గుర్తు పెట్టి వదిలేసి ముందుకు వెళ్లాను. ఒకే విభాగంలో వెనక్కి రావచ్చు, ప్రశ్నలన్నిటికీ విలువ సమానమే, తప్పుకు కోత కూడా లేదు. ఇవన్నీ తెలిసి కూడా వదలడానికి మనసొప్పలేదన్నది వేరే సంగతి. తిరిగి వచ్చి పైనుంచి చదివితే, 'ధన పూర్ణాంకం' అని మొదటి వాక్యంలోనే ఉంది. అర నిమిషంలో తేలిపోయింది.

అంతా అయ్యాక తెర మీద 166 అని పడింది. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే రెండో విభాగంలోని ఒక ప్రశ్న గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి. ప్రశ్నలు బయట చెప్పబోమని మాట ఇచ్చాకే పరీక్ష రాయనిస్తారు కాబట్టి అదేమిటో చెప్పను. నోటుబుక్కులో అది ఏ పేజీలో ఉండాల్సిందో చెబుతాను. మూడో పేజీలో.