చింతపిక్క నడిచిన దారి

తోట ప్లాను తీసుకుని ఎవరింటికి వెళ్లినా నా సంచిలో నాలుగైదు చింతపిక్కలు ఉంటాయి. కాగితం బల్ల మీద పరిచాక ఇంట్లోవాళ్లకు తలా ఒకటి ఇస్తాను. "ఈ పిక్క మీరే అనుకోండి. గేటు దగ్గర మొదలుపెట్టి మీ ఇష్టం వచ్చినట్టు నడవండి" అంటాను.

కిందటి నెల అమలాపురం దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. వెయ్యి గజాల స్థలం, 90 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. పెరట్లో పాత నుయ్యి, దాని పక్కన తులసి కోట. ఆ ప్లాను గీయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఇంటాయన, ఆయన భార్య వంగి చూస్తున్నారు. మామ్మగారు మాత్రం దూరంగా కుర్చీలో కూర్చుని, "నాకు ఈ గీతలు అర్థం కావమ్మా, వాళ్లకు చెప్పు" అన్నారు. పిక్క ఆవిడ చేతిలో పెట్టి వంటింటి గుమ్మం ఎక్కడుందో చూపించాను. ఆవిడ పిక్కను గుమ్మం నుంచి నూతి దగ్గరికి, అక్కడి నుంచి తులసి కోట దగ్గరికి జరిపారు. తరువాత పచ్చిక మీదుగా ప్రహరీ మూలకు తీసుకెళ్లారు. అక్కడ నేను నందివర్ధనం గీశాను.

"పూజకు పూలు కోయాలంటే రోజూ ఇంత దూరం రావాలా? తెల్లవారేసరికి గడ్డంతా మంచుతో తడిసి ఉంటుంది కదమ్మా, కాలు జారదూ?" అన్నారు.

పన్నెండు రోజుల్లో నాకు తట్టని సంగతి అది. ఆ మూలకు తెల్లపూలు అందంగా ఉంటాయని చూసుకున్నానే గానీ, ఆ పూలు కోసే మనిషి ఏ దారిన వస్తుందో చూసుకోలేదు. అక్కడికక్కడే పెన్సిలు తీసి నందివర్ధనాన్ని నూతి గట్టు పక్కకు తెచ్చాను. గట్టు మీద వాడే నీళ్లు దాని పాదులోకే పోతాయి. కోడలు కూడా ఒక పెన్సిలు అందుకుని, "అత్తయ్యా, మల్లె పందిరి కూడా ఇటే వేయించుకుందాం" అంటూ చిన్న చదరం గీశారు. ఆ వంకర చదరాన్ని నేను చెరపలేదు, తుది ప్లానులో అదే చోట పందిరి వచ్చింది.

ఇప్పటికీ చేత్తో ఎందుకు గీస్తున్నావని చాలామంది అడుగుతారు. కంప్యూటర్ నాకూ ఉంది. కాంట్రాక్టరుకు ఇచ్చే కొలతల ప్లాను, మొక్కల పట్టిక, నీటి గొట్టాల ప్లాను అందులోనే చేస్తాను. కానీ తొలిసారి కూర్చున్నప్పుడు మెరిసే బొమ్మ చూపిస్తే జనం బాగుందనో, బాగాలేదనో ఒక్క మాట అని ఊరుకుంటారు. అంతా తేలిపోయిన పనిలా కనిపిస్తుంది వాళ్లకు. పెన్సిలు గీత చూస్తే ఇంకా మార్చవచ్చన్న ధైర్యం వస్తుంది, చెయ్యి చాపుతారు. ఆ చెయ్యి చాపడమే నాకు కావాలి.

నా పద్ధతి చెబుతాను. మన దగ్గర ఇళ్లవాళ్లు అడుగుల్లో ఆలోచిస్తారు కాబట్టి 8 అడుగులకు ఒక అంగుళం లెక్కన గీస్తాను. అమలాపురం స్థలం ఆ లెక్కన 11 అంగుళాల పావు, 12న్నర అంగుళాలు అయింది. ఏ2 కాగితం మీద పక్కన మొక్కల పేర్లు రాసుకోవడానికి కూడా చోటు మిగులుతుంది. ముందు పెన్సిలుతో, ఆపైన ట్రేసింగ్ కాగితం మీద సిరాతో. ఇంటి గోడలకు 0.5 మి.మీ. పెన్ను, చెట్ల అంచులకు 0.3, గడ్డికీ ఇటుకలకూ 0.1. వానాకాలంలో మా రాజమహేంద్రవరం గాలిలోని తేమకే ట్రేసింగ్ కాగితం అలలు అలలుగా లేస్తుంది. చేతి చెమట తగిలితే ఇంకా పాడవుతుంది. అందుకే అరచేతి కింద ఎప్పుడూ ఒక చిత్తు కాగితం ఉంటుంది.

రంగులు అసలు ప్లాను మీద వేయను. దళసరి కాగితం మీద జిరాక్స్ తీయించి దాని మీద రంగు పెన్సిళ్లతో వేస్తాను. తప్పు పోతే ఇంకో కాపీ తీయించుకోవచ్చు. రంగుల్లో మొదటి కష్టం ఆకుపచ్చే. ఒకే ఆకుపచ్చ అన్నిటికీ పూస్తే తోట రేకు మీద వేసిన పెయింటులా ఉంటుంది. నేను అన్నిటికీ అడుగున లేత పసుపు వేస్తాను. పచ్చికకు ఆ పసుపు బాగా కనిపించేలా పలుచని ఆకుపచ్చ, పొదలకు కాస్త ముదురు, చెట్లకు నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ. చెట్టు కింది బాట పైకి కనిపించాలి కాబట్టి చేతిని తేలికగా ఆడించాలి. పచ్చదనం మరీ పచ్చిగా అనిపిస్తే నీడ పక్క కొంచెం ఊదా రంగు రుద్దితే ఒదుగుతుంది. గీతలన్నీ ఒకే వాలుగా సాగాలి. ఎండ తగిలే అంచున కాగితాన్ని అలాగే వదిలేయాలి. ఆ వదిలేసిన తెలుపుతోనే చెట్టుకు గుండ్రదనం వస్తుంది.

కొబ్బరిని, వేపను ఒకే గుండ్రంగా గీయడం నాకు నచ్చదు. కొబ్బరికి నడుమ నుంచి చిమ్మినట్టు మట్టలు గీస్తాను. చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల ఎడం కావాలి కాబట్టి కాగితం మీద మూడు అంగుళాలకు పైగా చోటిస్తాను. ఇంత చిన్న స్థలంలో పది కొబ్బరి చెట్లు కావాలనే వాళ్లకు వేరే వివరణ అక్కరలేదు, ఆ మూడంగుళాలే చెబుతాయి.

నీడల విషయంలో నేను మొండిదాన్ని. వెలుగు కాగితం పై ఎడమ మూల నుంచి వస్తున్నట్టు అనుకుని నీడలన్నీ కుడివైపు కిందికి వేయడం మాకు నేర్పిన పద్ధతి. చూడడానికి బాగుంటుంది. కానీ మన ఊళ్లలో తోట నీడ కోసమే కదా! మా దగ్గర మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నీడ చెట్టు కిందే. డిసెంబరు మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. మే నెలాఖరున సాయంత్రం నాలుగింటికి చెట్టు నీడ దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు సాగి తూర్పుకు పోతుంది. నేను గీసేది ఆ నాలుగింటి నీడనే. 20 అడుగుల చెట్టుకు 30 అడుగుల నీడ. అది పడమటి గోడ మీద పడాలా, వరండా మీద పడాలా అన్నది అప్పుడు ఇంట్లోవాళ్లే చూసి చెబుతారు. వాస్తు అడిగేవాళ్లు పెద్ద చెట్లు పడమర, దక్షిణం వైపు ఉండాలని, ఈశాన్యం ఖాళీగా ఉంచాలని అంటారు. పడమటి చెట్టు దగ్గర వాళ్ల లెక్కా, నా నాలుగింటి నీడ లెక్కా ఒకచోటే కలుస్తాయి. అక్కడ వాదన ఉండదు.

ఈ పట్టుదల ఒక తప్పు చేశాక వచ్చింది. 2013లో కాకినాడలో ఒకరికి ప్లాను గీసి ఇచ్చాను. కొమ్మలు కలిసిపోయిన చెట్లు, నిండు నీడ. కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి నాటించాం. ఒక్కోటీ మూడడుగులుంది. వారం తరువాత ఆయన నన్ను పిలిచి, నేను గీసిన కాగితాన్ని ఎండలో పట్టుకుని, "ఇదెక్కడుందమ్మా?" అని అడిగారు. గట్టిగా కూడా అనలేదు. ఆయన కొన్నది ఆ బొమ్మలోని నీడను. అది రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నేను ఒక్క మాటైనా చెప్పలేదు.

ఆ తరువాత రెప్టన్ పని చూశాను. హంఫ్రీ రెప్టన్ ఇంగ్లండులో 1752లో పుట్టి 1818లో పోయిన తోటల రూపకర్త. తనతో తోట వేయించుకునేవాళ్లకు ఎర్ర తోలు అట్ట వేసిన పుస్తకాలు చేసి ఇచ్చేవాడు. అందులో నీటిరంగుల బొమ్మ మీద ఒక చిన్న కాగితం రెక్క అతికించి ఉంటుంది. రెక్క మూసి ఉంటే ఇప్పుడున్న స్థలం, ఎత్తితే రాబోయే తోట. నేను దాన్ని తిప్పి వాడుకుంటున్నాను. అడుగు కాగితం మీద నాటిన రోజు ఎంత ఉంటాయో అంతే చిన్న చుక్కలు, చాలా ఖాళీ మట్టి. దాని మీద ట్రేసింగ్ రెక్క, అందులో పదో ఏడు. ముందు అడుగు కాగితమే చూపిస్తాను. ఆ ఖాళీని చూసి ముఖాలు చిన్నబోతాయి, కొందరు ఇంకో నలభై మొక్కలు వేద్దామంటారు. అప్పుడు రెక్క దించుతాను. నలభై మొక్కలకు చోటెక్కడుందో వాళ్లనే వెతకమంటాను.

రెక్క వేసి ఇచ్చిన తొలి తోటల్లో ఒకటి 2014 నాటిది. ఈ మేలో అనుమతి అడిగి సాయంత్రం నాలుగింటికి టేపు పట్టుకుని వెళ్లాను. వేప గుబురు నేను గీసిన దానికంటే మూడడుగులు ఎక్కువే విస్తరించింది, నీడ వరండా మెట్లు దాటింది. పొగడ మాత్రం వెనకబడింది. రెక్క మీద 18 అడుగుల వెడల్పు గీశాను, కొలిస్తే 12 కూడా లేదు. పొగడ నెమ్మదిగా పెరుగుతుందని తెలిసీ గుండ్రం పెద్దది గీశాను, పక్కనున్న వేపకు జోడుగా బాగుంటుందని. ఇంటికి వచ్చి, బల్ల మీదున్న అమలాపురం రెక్కలో రెండు పొగడలనూ చెరిపి 11 అడుగులకు తగ్గించి గీశాను.