గరగర ఆగిన సాయంత్రం

వెలుగును హెచ్చించి తగ్గించే డిమ్మర్‌ను పూర్తిగా తిప్పి దీపం ఆర్పిన క్షణంలోనే, వారం రోజులుగా స్పీకర్లలో వేధిస్తున్న గరగర ఆగిపోయింది. మీటిన వీణ తీగ నాదం ఎంతసేపు సన్నగిల్లుతూ నిలుస్తుందో ఈ సాయంత్రమే మళ్ళీ విన్నాను.

డిమ్మర్ కరెంటు తరంగాన్ని ప్రతి అర్ధావృత్తంలోనూ కొంత కత్తిరిస్తుంది. ఆ కోతల అంచుల్లో పుట్టే హెచ్చు పౌనఃపున్యాలు ఇంటి వైరింగ్ వెంట ప్రయాణించి యాంప్లిఫయర్‌లోకి చొరబడుతున్నాయి. కాయిళ్లు, కెపాసిటర్లు ఉన్న లైన్ ఫిల్టర్ ద్వారా యాంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చాక, దీపం వెలుగుతున్నా గరగర దాదాపు వినిపించడం లేదు.

అడుగున ఒక మంద్రమైన హమ్ మాత్రం మిగిలింది. దాన్ని ఆ ఫిల్టర్ తీయలేదు, ఎందుకంటే 50 లేదా 60 హెర్ట్జ్ అనేది ఇంటి కరెంటు పౌనఃపున్యమే; అది ఫిల్టర్ గుండా సాగిపోవలసిందే. కంప్యూటర్, యాంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ అందుకుంటూ, ఆడియో కేబుల్‌తో మళ్ళీ కలిసి హమ్ పుట్టించే ఒక వలయంగా ఏర్పడ్డాయని ఆలస్యంగా గ్రహించాను. రెండింటినీ ఒకే బోర్డుకు కలపగానే హమ్ బాగా తగ్గింది.

ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని కొందరు చెబుతారు. ప్రాణరక్షణ కోసం ఉన్న ఆ తీగను నేను ఎన్నటికీ తొలగించను. మిగిలిన కాస్త హమ్ కోసం రేపు, తీగల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా ధ్వని సంకేతాన్ని మాత్రమే దాటించే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చూస్తాను.