పరుగెత్తి చూడాల్సిన దర్వాజా

ఈ కోపం రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

గోల్కొండ కోటలో బాలాహిసార్ దర్వాజా లోపలి గుమ్మటం కింద ఒకటే చప్పట్లు. ఒక గుంపు కదలగానే ఇంకో గుంపు. మా గైడూ అంతే. "ఇక్కడ కొడితే కొండపైన వినబడుతుంది" అని కొట్టించి, పదండి పదండి అని తోలేశాడు. బయట కమాను మీద అంత పనితనం ఉంటే ఒక్కరూ తలెత్తలేదు! తలుపు పైన నెమళ్ళు, కింద రాతి దూలం మీద యాళులు, అంటే గుళ్ళలో చెక్కే సింహంలాంటి కల్పిత జంతువులు. కుతుబ్ షాహీల కోట గుమ్మం మీద యాళి ఎలా వచ్చిందని చిన్నాడు అడిగితే జవాబే లేదు. లోపల గోడకున్న గచ్చు మీద ఎవరో పేర్లు గీకారు. గీతల అంచున పొడి ఇంకా తెల్లగానే ఉంది. ఒళ్ళు మండిపోయింది.

నాన్న ఇలా చూపించలేదు. ముందు ఫతే దర్వాజా దగ్గర ఆపి, తలుపుకున్న ఇనుప ములుకులు చూపించారు. ఏనుగు కుంభస్థలంతో గుద్దకుండా అవి. తర్వాత బాలాహిసార్ దర్వాజాకు ఎదురుగా, అడ్డంగా కట్టిన గోడ దగ్గరికి తీసుకొచ్చి, "ఇప్పుడు నువ్వు ఏనుగువి. పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దు, చూద్దాం" అన్నారు. పరుగెత్తాను. గోడ చుట్టి మలుపు తిరిగేసరికి ఊపంతా పోయింది, తలుపు దగ్గరికి నడిచే వచ్చాను. "అదీ సంగతి" అని నవ్వారు. ఆ గోడ ఎందుకుందో నాకు కాళ్ళతో తెలిసింది.

ఇంత రాశాక చప్పట్ల మీద కోపం తగ్గుతోంది. దాదాపు కిలోమీటరు దూరాన, కొండపైకి వినబడేలా కట్టిన గుమ్మటం అది. ములుకులు, అడ్డగోడలాగే అదీ కాపలాలో భాగమే. నేను పరుగెత్తి చూశాను, వీళ్ళు చప్పట్లు కొట్టి చూస్తున్నారు. పిల్లల్ని ఏమీ అనను.

గైడు మీద మాత్రం తగ్గలేదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లోపలివాడొకడు లంచం తిని తలుపు తీశాడు. ఆ గుమ్మాల్లో నిలబడి ఈ ముక్క చెప్పకపోతే ఇంకేం చెప్పినట్టు?

వచ్చే ఆదివారం చిన్నాణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్తాను. ఎండ ముదరకముందే వెళ్ళాలి, లేకపోతే పరుగెత్తనంటాడు.