అపార్ట్‌మెంట్ బోరుకి ఫ్యాక్టరీ డ్రైవు ఎందుకు పనికిరాదు

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో బోరు మోటారుకీ ప్రెషర్ పంపుకీ వీఎఫ్‌డీ (కరెంటుని పల్సులుగా కోసి మోటారు వేగం మార్చే డ్రైవు) పెట్టడం మామూలైపోయింది. మంచిదే. కానీ కొటేషన్‌లో హార్స్‌పవర్, ధర చూసే అసోసియేషన్లు డ్రైవు ఏ కేటగిరీదో అడగవు. ఏ డ్రైవైనా రేడియో, టీవీలని చెడగొట్టే విద్యుత్ రొద పుట్టిస్తుంది, అది ఎంతవరకు ఉండొచ్చో చెప్పేదే కేటగిరీ. పీణ్యా పారిశ్రామికవాడలో షెడ్డుకి సరిపోయే డ్రైవు ఇళ్ల మధ్యకి వస్తే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆ రొదకి అంతర్జాతీయ పరిమితులు పెట్టే సిస్పర్ ప్రమాణాల్లో ఇళ్లకి క్లాస్ బి, పరిశ్రమలకి క్లాస్ ఎ. ఎ అంటే మేలురకం అనుకుని కొనేవాళ్లున్నారు, నిజానికి బి పరిమితే కఠినం. కారణం దూరం. ఇళ్లలో పక్కవాళ్ల రేడియో, టీవీ 10 మీటర్ల దూరంలోనే ఉండొచ్చని, ఫ్యాక్టరీకైతే 30 మీటర్ల అవతల ఉంటాయని లెక్క. దూరం మూడింతలైతే ఫీల్డు మూడో వంతుకి పడిపోతుంది, అంటే దాదాపు 10 డీబీ. అందుకే 10 మీటర్ల దగ్గర కొలిస్తే, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు బికి 30 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్, ఎకి 40.

నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైనది ట్రాన్స్‌ఫార్మర్. పెద్ద ఫ్యాక్టరీకి సొంతది ఉంటుంది, లోపలి రొద చాలావరకు లోపలే ఆగుతుంది. ఇళ్లకి వీధంతటికీ ఒకటే కాబట్టి మీ పంపు రొద వైర్ల వెంట పక్కింటి ప్లగ్గుదాకా పోతుంది. ఆకాశవాణి బెంగళూరు వచ్చే 612 కిలోహెర్ట్జ్ దగ్గర చూడండి. వైర్ల మీద క్లాస్ బి క్వాసీపీక్ (రొద వినేవాళ్లని ఎంత విసిగిస్తుందో లెక్కేసే కొలత) పరిమితి 56 డీబీ మైక్రోవోల్ట్, అంటే 0.63 మిల్లీవోల్ట్. క్లాస్ ఎకి 73, అంటే సుమారు 4.5 మిల్లీవోల్ట్లు. డ్రైవులకి వేరే ప్రమాణం ఉంది, ఐఈసీ 61800-3. అందులో సీ1 అంటే క్లాస్ బి స్థాయి, సీ2 అంటే క్లాస్ ఎ స్థాయి. పరిశ్రమలకి ఉద్దేశించిన సీ3కి, 100 ఆంపియర్ల లోపు డ్రైవైతే, 86 దాకా వదిలేశారు: 20 మిల్లీవోల్ట్లు. ఇళ్ల పరిమితికి 30 రెట్ల పైమాటే!

కాబట్టి కొటేషన్‌లోనే సీ1 లేదా సీ2 అని రాయించుకోండి. సీ2 అయితే బిగించేవాడికి ఈఎంసీ పని, అంటే ఈ రొదని అదుపుచేసే పని, తెలిసుండాలి, ప్రమాణమే ఆ షరతు పెట్టింది. ఆ కేటగిరీ ఎంత పొడవు మోటారు కేబులుకి వర్తిస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని తప్పక చూడాలి. బోరు మోటారు వందల అడుగుల లోతున ఉంటుంది, ఫ్లాట్ కేబులుకి షీల్డు ఉండదు. స్విచింగ్ పల్సు వచ్చినప్పుడల్లా ఆ కేబులు కెపాసిటెన్స్ గుండా ఎర్త్‌లోకి కరెంటు కారుతుంది. ఇన్‌పుట్ ఫిల్టర్ ఒక్కటే దాన్ని ఆపలేదు. ఔట్‌పుట్‌లో పల్సుల్ని నున్నటి అలగా మార్చే సైన్ ఫిల్టర్ కావాలి, అదీ కామన్ మోడ్‌ని (వైర్లన్నిట్లో కలిసి ఎర్త్ వైపు పోయే రొదని) కూడా అణిచేది. క్యారియర్ ఫ్రీక్వెన్సీని (డ్రైవు స్విచింగ్ వేగాన్ని) ఆ ఫిల్టర్ మీద రాసిన కనీసం కంటే కిందికి దించకూడదు, దించితే ఫిల్టరే కాలిపోతుంది.

పంపు నడుస్తుండగా బ్యాటరీ రేడియోని ఏఎం బ్యాండులో పెట్టి, ముందు మీటర్ బోర్డు దగ్గర, తర్వాత బోరు కేబులు వెంట పట్టుకోండి. గరగర ఎక్కడ ఎక్కువైతే పని అటువైపు.

ప్యానెల్లో ఎక్కువగా పాడుచేసేవి చిన్న పనులే. ఫిల్టర్‌ని పెయింటు గీకని ప్లేటు మీద బిగిస్తారు. ఫిల్టర్‌లోకి వచ్చే వైర్లనీ బయటికి పోయే వైర్లనీ ఒకే డక్టులో కట్టేస్తారు, దాంతో రొద ఫిల్టర్‌ని దాటేసి అవతలికి దూకుతుంది. ప్రెషర్ పంపుకి షీల్డెడ్ కేబులు తెచ్చి కూడా, షీల్డుని జడలా మెలితిప్పి ఎర్త్ స్క్రూ కింద పెడతారు. 5 సెంటీమీటర్ల తోక అంటే దాదాపు 50 నానోహెన్రీ, 30 మెగాహెర్ట్జ్ దగ్గర 9 ఓములపైనే అడ్డు. షీల్డు చుట్టూ పట్టుకునే లోహపు క్లాంపే వెయ్యాలి.

అన్నిటికన్నా చెడ్డది: ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీకి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటుని పసిగట్టి సప్లై ఆపే బ్రేకరు) ట్రిప్పవుతుంటే, డ్రైవులో ఫిల్టర్ కెపాసిటర్లని ఎర్త్‌కి కలిపే ఈఎంసీ స్క్రూ పీకేయడం. ట్రిప్పు ఆగుతుంది, ఫిల్టర్ కూడా సగం చచ్చిపోతుంది. ఆ స్క్రూ ఐటీ సప్లై (ఎర్త్‌కి నేరుగా కలపని సప్లై) ఉన్నచోట తియ్యడానికి ఇచ్చినది. మన ఇళ్ల సప్లైలో డ్రైవుకి విడి సర్క్యూట్ లాగి, ఎర్త్ కొలిచి, మాన్యువల్ చెప్పిన రేటింగులో డీసీ లీకేజీని కూడా పసిగట్టే టైప్ బి ఆర్‌సీసీబీ పెట్టించండి.