లెవెల్‌గా కనిపించే ట్రక్కు

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు కమాన్ పట్టీల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల) పని చేశాడు. లారీ కిందికి దూరి, కట్టలో ఎన్నో పట్టీ విరిగిందో చేత్తో తడిమి చెప్పేసేవాడు. అలాంటి మనిషికి డాలస్ నుంచి వీడియో కాల్ చేసి, ట్రక్కు వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బిగించిన నల్ల రబ్బరు బుడ్డిని చూపించాను.

"ఏంట్రా అది, పట్టీ మీద ఫుట్‌బాల్ బ్లాడర్ పెట్టావు?"

బ్లాడర్ కాదు గానీ, ఆయన మరీ దూరంగా ఏం అనలేదు. దీన్నీ ఎయిర్‌బ్యాగ్ అనే అంటారు గానీ, స్టీరింగ్‌లోంచి పేలేది వేరు, ఇది వేరు. గట్టి రబ్బరు సంచిలో గాలి నింపి, యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య కూర్చోబెడతారు. కమాన్ పట్టీలు ఎక్కడివక్కడే ఉంటాయి, గాలి వాటికి తోడు.

నేను సాఫ్ట్‌వేర్ మీద రాలేదు ఇక్కడికి. నన్ను అమెరికా రప్పించడానికి అక్క 2003లో వేసిన పిటిషన్ 2018లో తేలింది. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మొదటి ఆర్నెల్లు గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ. ఆ తర్వాత పెళ్లి మండపాలు, కుర్చీలు, స్టేజీ సామాను అద్దెకిచ్చే మనవాళ్ల దగ్గర చేరాను. శనివారం వస్తే ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఎక్కడో ఒకచోట పెళ్లో, ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో ఉంటుంది. శుక్రవారం రాత్రి లోడ్ చెయ్యాలి, శనివారం తెల్లారేలోగా దించి కట్టాలి, ఆదివారం విప్పి తేవాలి. మా ఊళ్లో షామియానా వాళ్లు చేసే పనే. అక్కడ ట్రాక్టర్, ఇక్కడ పికప్ ట్రక్కు, అంతే తేడా. ఆ ట్రాక్టర్‌కి లైసెన్స్ అడిగే నాథుడు లేడు, ఇక్కడ ట్రైలర్ టైర్ బోల్టు వదులైనా టెన్షనే.

మా ఓనరుగారి దగ్గర ఉన్నది హాఫ్ టన్ ట్రక్కు. అది పాతకాలం నుంచి వస్తున్న పేరు. మోసే బరువు నిజంగా అర టన్ను కాదు, ఇంకా ఎక్కువే. ఎంతో తెలియాలంటే డ్రైవర్ తలుపు తెరిచి స్తంభం మీద అంటించిన స్టిక్కర్ చూడాలి. మా బండికి 1,560 పౌండ్లు, అంటే 700 కిలోలకు కాస్త పైన. మనుషులు, సామాను, ట్రైలర్ మూతి (ట్రక్కుకి తగిలించే కొస) ట్రక్కు వెనక మోపే బరువు, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

వినడానికి బోలెడు అనిపిస్తుంది. మండపం స్తంభాలు ట్రైలర్‌లో ముందు వైపు పేర్చి, ట్రక్కు వెనక జనరేటరూ గ్యాస్ సిలిండర్లూ వేస్తే బండి వెనక్కి కూర్చుండిపోయేది. మూతి పైకి లేచేది. ఎదురొచ్చేవాళ్లు హై బీమ్ వేశాననుకుని లైట్లు కొట్టి తిట్టుకునేవాళ్లు. అంతకంటే భయపెట్టింది స్టీరింగ్. అరవై మైళ్లు దాటాక నీళ్లలో తెడ్డులా తేలికగా తిరిగేది.

నాన్న సలహా ఆటోనగర్ సలహానే. "ఇంకో పట్టీ ఎక్కించరాదూ? నూరేళ్లు పడుంటుంది." తప్పేం కాదు, ఇక్కడా ఎక్కిస్తారు. కానీ మా ట్రక్కు వారంలో ఐదు రోజులు ఖాళీగా తిరుగుతుంది. ఎక్కించిన పట్టీ సోమవారం కూడా అక్కడే ఉంటుందిగా. ఖాళీ బండిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే నడుం తెలుస్తుంది. గాలికి ఆ బాధ లేదు, లోడ్ ఉన్న రోజు నింపుకోవచ్చు, దించాక తగ్గించెయ్యచ్చు. పని చేసే ట్రక్కుకి గాలి వల్ల నిజమైన లాభం ఇదొక్కటే అని నా లెక్క, తక్కినవన్నీ ముచ్చట్లే.

కిట్ దాదాపు 400 డాలర్లకు దొరికింది. నేనూ, మాతో పనిచేసే మెక్సికన్ మేస్త్రీ కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం బిగించాం. డ్రిల్లింగ్ అక్కర్లేదు. యాక్సిల్‌కి కింద బ్రాకెట్, ఛాసిస్‌కి పైన బ్రాకెట్, మధ్యలో బుడ్డి. మా తిప్పలన్నీ సన్న ప్లాస్టిక్ గాలి గొట్టంతోనే. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే చివర నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఫిట్టింగ్‌లో సరిగ్గా కూర్చోదు, తెల్లారేసరికి గాలి దిగిపోతుంది. బ్లేడుతో నిలువుగా ఒక్క కోత పడాలి. సబ్బు నీళ్లు రాసి చూస్తే కుడివైపు ఫిట్టింగ్ దగ్గర బుడగలు లేచాయి. మా వీధి పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి తిప్పే కుర్రాడు గుర్తొచ్చాడు. కోసి మళ్లీ పెట్టాను.

రెండు బుడ్డిలకూ ఒకటే గొట్టం వేసి పని తేల్చేద్దామన్నాడు మేస్త్రీ. నేను ఒప్పుకోలేదు. కలిపితే మలుపులో బరువు పడ్డ వైపు నుంచి గాలి రెండో వైపుకి పారిపోతుంది, బండి ఇంకా వాలుతుంది. విడిగా ఉంటే జనరేటర్ ఎడమ పక్కన పెట్టినప్పుడు ఆ వైపు పది పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) ఎక్కువ కొట్టుకోవచ్చు. నంబర్ ప్లేట్ పక్కన రెండు వాల్వులు, టైర్ వాల్వుల్లాంటివే. ఖాళీగా ఉన్నా ఐదు పీఎస్‌ఐ తగ్గకూడదు, తగ్గితే రబ్బరు మడత పడి నలుగుతుంది. గరిష్ఠం వంద. చిన్న బుడ్డి కదా, గేజ్ పెట్టి చూసిన ప్రతిసారీ ఆ చూడ్డానికే రెండు మూడు పీఎస్‌ఐ పోతుంది. మొదట్లో లీకేమోనని రోజూ చూసేవాణ్ణి. చూసినకొద్దీ తగ్గేది, తగ్గినకొద్దీ చూసేవాణ్ణి.

అరవై కొట్టగానే ట్రక్కు లేచి నిలబడింది. చూడముచ్చటగా ఉంది. ఓనరుగారు చుట్టూ తిరిగి చూసి, "అన్నా, లెవెల్ అయిపోయిందిగా, ఇంకో యాభై కుర్చీలు వేసేద్దామా?" అన్నారు.

నేను ఈ ముక్క రాయడానికి కారణం ఆ మాటే. ఆయన్ని తప్పు పట్టలేను, ఎవరి కంటికైనా అలాగే ఉంటుంది. కుంగిన బండి 'ఇక చాలు' అని చెబుతుంది, గాలి కొట్టిన బండి నోరు మూసుకుంటుంది.

ఆ వారం ఆస్టిన్ పెళ్లికి వెళ్తూ హిల్స్‌బరో దగ్గర ట్రక్ స్టాప్‌లో కాటా మీదికి ఎక్కించాను. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి ఇంకో దాని మీద, ట్రైలర్‌వి మూడో దాని మీద పెడితే మూడు బరువులూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. లోడ్ లేకుండా నేనూ మేస్త్రీ ఇద్దరమే కూర్చుంటే ముందు 3,200 పౌండ్లు, వెనక 2,250 అని అంతకుముందే తూయించి ఉంచాను. ఇప్పుడు గాలి ఐదుకి దించి తూస్తే ముందు 2,920, వెనక 3,830. సామానూ ట్రైలరూ తగిలించాక ముందు చక్రాల మీద బరువు పెరగలేదు సరికదా 280 పౌండ్లు తగ్గింది. ట్రైలర్ మూతి వెనక చక్రాలకు అవతల నొక్కుతుంది కాబట్టి తూగుడుబల్లలా ముందు భాగాన్ని పైకి ఎత్తేస్తుంది. స్టీరింగ్ తేలిపోవడానికి కారణం అదన్నమాట. తర్వాత అరవై పీఎస్‌ఐ కొట్టి, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కించాను. ముందు 2,940, వెనక 3,810.

ఇరవై పౌండ్లు! ఆ కాటా చూపించే అతి చిన్న తేడా కూడా ఇరవయ్యే. బండి నాలుగు అంగుళాలు లేచింది, బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. లైట్లు రోడ్డు మీదికి దిగాయి, అది మంచిదే. బ్రేకులో ముందు చక్రాలకు దొరికే పట్టు మాత్రం ఒక్క పిసరు పెరగలేదు.

స్టిక్కర్ లెక్క కూడా అక్కడే నిలబడి వేశాను. ట్రైలర్ మూతి 800, వెనక సామాను 500, మేమిద్దరం 350. మొత్తం 1,650. కుర్చీలు వెయ్యకముందే 90 పౌండ్లు ఎక్కువ. గాలి సంచి డబ్బా మీద రాసిన 5,000 పౌండ్ల అంకె చూసి చాలామంది బండి బలం పెరిగిందనుకుంటారు. ఆ అంకె సంచిది. టైర్లు, బేరింగులు, బ్రేకులు, యాక్సిల్ గొట్టం కంపెనీ నుంచి వచ్చినవే కదా.

ముందు చక్రాలకు బరువు తిరిగి రావాలంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉండాలి. ట్రైలర్ మూతికి రెండు వైపులా ఇనుప బార్లు బిగించి, వాటి బిగువుతో కొంత బరువుని ముందుకీ కొంత ట్రైలర్ చక్రాల మీదికీ నెడతారు. మరుసటి నెలలో కొనిపించాను. అది ఉన్నప్పుడు గాలి అతిగా కొడితే బార్ల పని చెడుతుంది, అందుకని ఇప్పుడు పాతిక దాటను.

గాలి వల్ల ఇబ్బంది పడలేదా అంటే పడ్డాను, అదీ నా చేతి తప్పు వల్లే. ఎడమ గొట్టాన్ని కట్టిన ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి ఊడి, గొట్టం జారి సైలెన్సర్ పైపుని తాకింది. ఆస్టిన్ నుంచి రాత్రి పన్నెండింటికి తిరిగొస్తుంటే టెంపుల్ దాటాక బండి ఎడమకి ఒరిగింది. ముందు టైర్ అనుకున్నాను. రోడ్డు అంచున షోల్డర్‌లో ఆపి టార్చ్ వేసి చూస్తే గొట్టం కొస కరిగి, కాలిన బెల్లం పాకంలా సాగి ఉంది. రెండో వైపు గాలి కూడా తీసేసి, బండి సమంగా కుంగాక, యాభై మైళ్ల స్పీడులో ఇల్లు చేరాం. పట్టీలు కింద ఉన్నాయి కాబట్టి చేరాం. నాన్నకి ఈ సంగతి చెబితే మురిసిపోతాడని ఇంతవరకు చెప్పలేదు.

పట్టీలే లేకుండా నాలుగు చక్రాలూ గాలి మీదే నడిచే బళ్లుంటాయి, అది వేరే కథ. రామ్ 1500 పికప్‌కి 2013 మోడల్ నుంచి ఆ సౌకర్యం అడిగితే ఇస్తున్నారు. రివియన్ ఎలక్ట్రిక్ ట్రక్కుకి గాలే. టొయోటా టండ్రా 2022లో వెనక పట్టీలు మానేసి కాయిల్ స్ప్రింగులకి మారింది, ఖరీదైన రకాల్లో వెనక గాలి కూడా ఇస్తారు. కంప్రెసర్, సెన్సర్లు, కంప్యూటర్ అన్నీ అవే చూసుకుంటాయి. పెద్దవాళ్లు ఎక్కేటప్పుడు రెండంగుళాలు కిందికి వంగుతుంది. హైవే మీద గాలి ఒరిపిడి తగ్గడానికి తనే కాస్త దిగుతుంది. ఒకసారి కస్టమర్ బండిలో కూర్చున్నాను. హైదరాబాద్ నుంచి గరుడ వోల్వోలో వస్తున్నట్టుంది.

అయినా నా డబ్బులతో కొనను. 2021 ఫిబ్రవరి మంచులో డాలస్ విమానాశ్రయం దగ్గర ఫారన్‌హీట్ మైనస్ రెండుకి పడిపోయింది, మన లెక్కలో సున్నాకి పంతొమ్మిది డిగ్రీల కింద. కరెంటు లేదు, నీళ్లు లేవు. ఓనరుగారి బావమరిదికి గాలి సస్పెన్షన్ ఎస్‌యూవీ ఉంది, కంపెనీ పేరు అనవసరం. పొద్దున చూస్తే జబ్బు చేసిన గేదెలా టైర్ల మీద చతికిలబడి ఉంది. లైన్లలో చేరిన చెమ్మ గడ్డకట్టిందన్నారు. లేపుదామని పదేపదే తిరిగి కంప్రెసర్ కాలిపోయింది. వారంటీ అప్పటికే అయిపోయింది. బిల్లు ఎంతో ఆయన చెప్పలేదు, ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి పార్టీ మాత్రం లేదు. అదే వారం మా ట్రక్కు గాలి తగ్గించుకుని పాత పట్టీల మీద గ్యారేజీలోంచి మామూలుగా బయటికొచ్చింది. వారంటీ ఉన్నన్నాళ్లు నడిపి మార్చేసేవాళ్లకి పూర్తి గాలి బళ్లు హాయి. పదేళ్లు ఈడ్చుకుందామనుకునేవాడికి రబ్బరు వయసు గుర్తుండాలి.

మొన్న మళ్లీ హ్యూస్టన్ ఆర్డర్ వచ్చింది. శుక్రవారం రాత్రి లోడింగ్ అయ్యాక ఓనరుగారు రెండు పెద్ద ఇత్తడి దీపస్తంభాలు తెచ్చారు. "వెనక చోటుంది కదన్నా, గాలి కొంచెం ఎక్కువ కొట్టు."

నేనేం వాదించలేదు. డ్యాష్‌బోర్డ్ మీద అంటించిన కాటా చీటీ వైపు చెయ్యి చూపించాను. ఆయన చూశారు, ట్రక్కు వైపు చూశారు, దీపస్తంభాల వైపు చూశారు.

"సరేలే, నా కారు వెనక సీట్లో పెట్టు" అన్నారు. ఆ కొత్త కారు తోలు సీట్ల మీద పాత దుప్పటి పరిచి పెట్టేసరికి రాత్రి పదకొండు దాటింది.