జోలా-ఫోఞి రాయడం నేర్చుకున్నాను: నా అనుభవం

మా ధరల బోర్డు నిన్ననే బిఞోనా పట్టణంలోని గోదాము గోడకెక్కింది. ఇక్కడి రైతులు మాట్లాడే జోలా-ఫోఞి భాషలో, ఒక్క గుర్తు కూడా పోకుండా! పలాస వ్యాపారి తరఫున జీడిపిక్కలు కొనడానికి సెనెగల్ దక్షిణాన ఉన్న కాసమాన్స్‌కు వచ్చినవాణ్ని. రైతుకు ధర అతని భాషలోనే కనబడాలన్నది నా పట్టుదల.

ఈ భాషను రాసేది రోమన్ లిపిలో. హల్లులు ఇట్టే వచ్చాయి. మనం ఓనమాలతోనే వదిలేసే ఙ, ఞ లకు ఇక్కడ రోజూ పని ఉంది. మొదటిదానికి తోక ఉన్న ఎన్, రెండోదానికి నెత్తిన అలగీత ఉన్న ఎన్ రాస్తారు. దీర్ఘమైతే అచ్చును రెండుసార్లు రాస్తే సరి.

అసలు పరీక్ష అచ్చులది. అక్షరాలు 5, ధ్వనులు 10, దీర్ఘాలు వేరే. ప్రతి అచ్చుకూ వదులుగా పలికేది ఒకటి, నాలుక మొదలును ముందుకు నెట్టి బిగించి పలికేది ఒకటి. ధాతువు బిగువైతే దాని ముందువెనకల చేరే ప్రత్యయాలూ బిగుసుకుంటాయి. అందుకే మాట మొత్తానికీ కలిపి మొదటి అచ్చు మీద ఒకే ఏటవాలు గీత పెడతారు. బిగువు అకారం నాకు ఎంతకీ పట్టుబడలేదు. గోదాములో బస్తాలు కుట్టే పెద్దావిడ నా గడ్డం కింద వేలు ఆనించి, అక్కడ కండరం కదిలేదాకా పలికించింది. ఏ పుస్తకమూ ఆమెకు సాటిరాదు.

ఇంత కష్టపడి రాసింది తీసుకెళ్తే ప్రింటింగ్ దుకాణం యజమాని గీతలన్నీ తీసేశాడు. తోక ఎన్ ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలు. అడిగితే, "ఈ భాషకు స్పెల్లింగు కూడానా? ఫ్రెంచిలో రాసుకో" అని పదిమంది ముందు నవ్వాడు. ఒళ్లు మండింది. జాతీయ భాషల లిపిపై ప్రభుత్వం 1971లోనే డిక్రీ ఇచ్చింది. జోలా వర్ణక్రమానికీ పదవిభజనకూ 2005లో ప్రత్యేకంగా ఇంకొకటి వచ్చింది. ఆ ప్రతిని బల్ల మీద పెడితే కన్నెత్తి చూడలేదు. ఊరివాళ్ల డబ్బుతో బతుకుతూ ఊరి భాషను ఈసడించడం ఏం మర్యాద?

ఉకారానికి ఓ-యు, ఞకారానికి జీ-ఎన్ అంటూ ఫ్రెంచి పద్ధతిలో నేర్పేవాళ్ల జోలికి పోవద్దు. బిగువు గీత వాళ్ల లెక్కలోనే ఉండదు. అచ్చుకు ఇచ్చేముందు ఫాంటులో తోక ఎన్ ఉందో లేదో కొట్టి చూసుకోండి. ఫాంటు పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. జిగిన్షోర్ నగరంలో మరో దుకాణంవాళ్లు దాంతో ఉన్నది ఉన్నట్టు వేసిచ్చారు.

ఈ సీజను ముగిసేలోగా తూకం రసీదులు కూడా జోలాలోనే వేయిస్తాను. అదీ జిగిన్షోర్‌లోనే.