గేటు పట్టుకునే కుర్రాడి సంగతి

మొన్న సాయంత్రం మా షాపు వెనక వీధిలో ఓ ఇంటికి గేటు బిగిస్తున్నారు. వెల్డర్ చేతిలో షీల్డ్, అంటే మొహానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం డాలు, ఉంది. గేటును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న కుర్రాడికి, ఇరవై కూడా నిండి ఉండవు, ఏమీ లేదు. మొహం పక్కకు తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "కళ్లు మూసుకో" అని మేస్త్రి అనడం, ఆర్క్, అంటే వెల్డింగ్ మెరుపు, వెలగడం ఒకేసారి అయిపోతున్నాయి. చూస్తూ ఊరుకోలేక షాపుకి వెళ్లి తలకు పెట్టుకునే షీల్డ్ ఒకటి తెచ్చి వాడికి ఇచ్చాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే పద్దెనిమిదేళ్ల కిందట విశాఖ గాజువాక ఆటోనగర్‌లో అలా పట్టుకుని నిలబడిన కుర్రాడిని నేనే.

అది నా రెండో వారం. పగలంతా గ్రిల్ ముక్కలు పట్టుకున్నాను, ట్యాక్‌లు, అంటే ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న చిన్న అతుకులు, వేస్తుంటే మెరుపులు పక్కనుంచి కొడుతూనే ఉన్నాయి, అయినా ఇంటికి వచ్చేటప్పటికి ఏమీ అనిపించలేదు. అన్నం తిని పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది, కళ్లలో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టుంది, తెరవలేను, మూసినా మంటే, నీళ్లు ధారగా కారుతున్నాయి. లైటు వేస్తే అరిచేశాను. అమ్మ బంగాళదుంప చక్రాలు కోసి కళ్ల మీద పెట్టి తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. చూపు పోయిందనే అనుకున్నాం ఇద్దరం.

ఇప్పుడు తెలుసు, అది కంటి పైపొరకు తగిలిన కాలిన గాయం. ఆర్క్‌లో కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, అవి నల్లగుడ్డు మీదుండే పలచని పారదర్శక పొరను కాలుస్తాయి. బాధ వెంటనే తెలియదు, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. కొత్తగా పనిలోకి వచ్చిన వాళ్లు మోసపోయేది ఇక్కడే. పని దగ్గర ఏమీ కాలేదు కాబట్టి పర్లేదు అనుకుంటారు, మర్నాడు రాకపోతే మేస్త్రి వాడికి పని మీద శ్రద్ధ లేదనుకుంటాడు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, కానీ కంటి డాక్టరుకి చూపించుకోవాలి. మొద్దుబారించే చుక్కలు ఎవరో ఇచ్చారని ఇంట్లో పెట్టుకుని మాటిమాటికీ వేసుకోవద్దు, హాయిగా ఉంటుంది గానీ పుండు మానదు. ఇంకొకటి, మంట ఒక్క కంట్లోనే ఉంటే అది మెరుపు వల్ల కాకపోవచ్చు, గ్రైండింగ్ పొడో స్లాగ్ ముక్కో, అంటే అతుకు మీద గట్టిపడే పెచ్చో, గుచ్చుకుని ఉండొచ్చు. షాపులో ఎవరో ఒకరు రుమాలు కొస మెలితిప్పి తీస్తానని వస్తారు, దయచేసి తీయించుకోకండి. ఇనుప ముక్క కంట్లో ఉండిపోతే చుట్టూ తుప్పు పడుతుంది.

అసలు కళ్లు మూసుకోవడం ఎందుకు సరిపోదో చెప్తాను. ముక్క సరిగ్గా పట్టుకోవాలంటే చూడాలి, కాబట్టి కుర్రాడు చివరి క్షణం దాకా చూస్తూనే ఉంటాడు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకు తగిలాక మూసుకుంటే అప్పటికే ఒక మెరుపు లోపలికి వెళ్లిపోయింది. రోజుకు రెండు వందల ట్యాక్‌లంటే రెండు వందల మెరుపులు. ట్యాక్ వేసేటప్పుడే అందరం తొందరపడతాం కూడా, ఒక్క క్షణం పనికి షీల్డ్ ఎందుకని వెల్డర్ కూడా పెట్టుకోడు. మూసుకున్న రెప్పల మీదా, మెడ మీదా, చెవుల మీదా చర్మం ఎండకు కమిలినట్టు కమిలిపోతుంది. వెనక సున్నం వేసిన గోడో రేకో ఉంటే అది తిరగ్గొట్టే వెలుగు వేరే.

చేత్తో పట్టుకునే షీల్డ్ ఇచ్చాం కదా అంటారు కొందరు యజమానులు. హెల్పర్ రెండు చేతులూ పని మీదే ఉంటే షీల్డ్ ఏ చేత్తో పట్టుకుంటాడు? వాడికి కావలసింది తలకు బిగించుకునేది. లేదా అసలు మనిషితో పట్టించడం మానేసి క్లాంపో అయస్కాంతమో వాడాలి. మా షాపులో ఇప్పుడు సగం పనులకు అవే వాడుతున్నాం.

అద్దం సంగతి కూడా తెలుసుకోండి. నల్ల అద్దం మీద నంబరు ఉంటుంది. మనం ఎక్కువగా వాడే పది గేజు రాడ్డు, అంటే 3.15 మిల్లీమీటర్లది, 100, 120 ఆంపియర్ల మీద నడుస్తుంది, దానికి 10 లేదా 11 నంబరు అద్దం కావాలి. గ్యాస్ కట్టింగ్ కళ్లద్దాలు 5 నంబరు దగ్గర ఉంటాయి, వాటితో ఆర్క్ చూడకూడదు. చలవ కళ్లద్దాల మాటే వద్దు. నల్ల అద్దం ముందు తెల్ల అద్దం పెడితే నిప్పురవ్వలు దాని మీదే పడతాయి. నల్లది సన్నగా చీలినా తీసి పారేయండి, ఓ పూట టిఫిన్ ఖర్చు కూడా ఉండదు దానికి.

షాక్ గురించి. కొత్తవాళ్లు మెషిన్‌కి వచ్చే 440 వోల్టుల లైనుకు భయపడతారు, చేతిలో ఉన్న, రాడ్డు పట్టే హోల్డర్‌ని పట్టించుకోరు. ఆర్క్ వెలగనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. పొడి చేతికి అది చిన్న జలదరింపులా అనిపించొచ్చు. మే నెలలో విశాఖ ఉక్కలో గ్లౌజు లోపల చెయ్యి నీళ్లోడుతుంటే, ఇనుప ఫ్రేము మీద కూర్చుని ఉత్త చేత్తో రాడ్డు మార్చుతుంటే మాత్రం అదే వోల్టేజీ ప్రాణం తీయగలదు. ట్యాంకు లోపలో ఇరుకు చోటో అయితే మరీ ప్రమాదం, షాక్ కొడితే వెనక్కి లాక్కోవడానికి చోటు కూడా ఉండదు. తడిస్తే మార్చుకోవడానికి పొడిగా ఉన్న రెండో జత గ్లౌజులు దగ్గర పెట్టుకోండి, కూర్చోవడానికి పొడి చెక్క వేసుకోండి. ఎర్త్ క్లాంపు, అంటే కరెంటు మెషిన్‌కి తిరిగి వెళ్లే తీగ చివరి పట్టు, పని చేసే ముక్కకే, దగ్గర్లోనే బిగించండి. ఎక్కడో మెట్ల రెయిలింగ్‌కో క్రేన్ గొలుసుకో తగిలించి పని కానిచ్చేస్తే కరెంటు ఏ దారిన తిరిగి వస్తుందో ఎవరి చేతిలో లేదు.

పొగ. జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, వెల్డ్ చేసిన రోజు సాయంత్రం చలిజ్వరం రావచ్చు, వణుకు, ఒళ్లునొప్పులు, నోట్లో ఇనుము రుచి. మలేరియా అనుకుని మాత్రలు వేసుకున్న వాళ్లను చూశాను. పైపు మీది జింకు కాలి వచ్చిన పొగ అది. జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది కాబట్టి బెల్లం ముక్క, గ్లాసు పాలు చాలనుకుంటారు. బెల్లం ఊపిరితిత్తులను కడగదు, పాలు కడుపులోకి వెళ్తాయి గానీ పొగ వెళ్లిన చోటికి వెళ్లవు. అతుకు దగ్గర రెండు పక్కలా అంగుళం మేర పూత గ్రైండ్ చేసి, ఆ గ్రైండింగ్‌కి కూడా మాస్క్ పెట్టుకుని, ఆరుబయట గాలి మన మీద నుంచి పక్కకు వెళ్లేలా నిలబడాలి. తల పొగ మీద వంచొద్దు. మూతికి కట్టుకునే రుమాలు ఈ పొగను ఆపదు, ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను కచ్చితంగా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, అంటే పొగాకు పొగ ఉన్న జాబితాలోనే, పెట్టింది. మా తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

గ్యాస్ కట్టింగ్ గురించి ఇంకో రోజు వివరంగా రాస్తాను. ప్రస్తుతానికి, ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలనివ్వకండి. బట్టల మీది దుమ్ము ఆక్సిజన్‌తో ఊదుకోకండి, బట్ట ఆక్సిజన్ పీల్చుకుంటే ఒక్క రవ్వకు భగ్గుమంటుంది. ఎసిటిలీన్ సిలిండర్ నిలబెట్టే వాడండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఎవరు చెప్పినా వినకండి. ఖాళీ డ్రమ్ము. "పైమూత కోసెయ్, నీళ్లకు వాడుకుంటాం" అని ఆయిలో థిన్నరో ఉన్న పాత డ్రమ్ము తెచ్చి కొత్త కుర్రాడికే ఇస్తారు, సులువైన పని కదా అని. లోపల ద్రవం లేకపోయినా ఆవిరి ఉంటుంది, గాలితో కలిసిన ఆ ఆవిరే పేలేది. గోడకు అంటిన జిడ్డు కూడా మంట వేడికి ఆవిరవుతుంది. లారీ డీజిల్ ట్యాంకు కూడా అంతే. దాన్ని పద్ధతిగా కడిగి, లోపల గ్యాస్ లేదని పరీక్షించి చేసేవాళ్లు వేరే ఉంటారు, నేర్చుకునే కుర్రాడి పని కాదు. నేను పనిచేసిన ఓ షాపుకు రెండిళ్ల అవతల ఇలాగే ఓ డ్రమ్ము పేలింది. ఆ చప్పుడు, ఆ తర్వాత అందరం పరుగెత్తుకెళ్లి చూసింది, ఇక్కడ రాయను.

చేయనని ఎలా చెప్పాలి, ఉద్యోగం పోతుందేమో అని టెన్షన్ పడతారు. అర్థమవుతుంది, నేనూ పడ్డాను. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరినవాడి ఆరోగ్యం, భద్రత కూడా యాజమాన్యం బాధ్యతేనని 1961 నాటి అప్రెంటిస్ చట్టంలోనే ఉంది, కానీ వీధి చివర గ్రిల్ షాపులో చట్టం చెప్తే పని జరగదు. అక్కడ మాట తీరుతోనే నెగ్గాలి. "అన్నా, రాడ్డు కొట్టే ముందు ఒక్క మాట చెప్పు, నేను షీల్డ్ దించుకుంటా, ముక్క కదలకుండా పట్టుకుంటా" అంటే ఏ మేస్త్రీ కాదనడు, ముక్క కదలకపోతే అతనికీ మంచిదే. మా దగ్గర ఇదే అలవాటు చేశాం. వెల్డర్ "కొడుతున్నా" అనాలి, హెల్పర్ షీల్డ్ దించి "ఊ" అనాలి, ఆ "ఊ" వినిపించాకే రాడ్డు తగలాలి.

మొన్న ఆ షీల్డ్ ఇచ్చిన కుర్రాడు నిన్న పొద్దున షాపుకి వచ్చాడు. తిరిగి ఇవ్వడానికేమో అనుకున్నా. అద్దం మీద రవ్వలు పడి మసకబారింది, తెల్ల అద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. రెండు ఇచ్చి పంపాను, ఒకటి వాళ్ల మేస్త్రికి.